పైసలు మనవి, పుస్తకం బ్యాంకుది: డెబిట్, క్రెడిట్ అనే మాటలు ఎక్కడివి, ఎందుకు తికమక పెడతాయి

క్లుప్తంగా: డెబిట్ అనే మాట లాటిన్‌లో "బాకీ ఉండటం" అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది, క్రెడిట్ "నమ్మి అప్పగించడం" నుంచి పుట్టింది. రెండూ పైసలు ఎటు పోయాయో చెప్పే మాటలు కావు, ఎవరు ఎవరికి బాకీయో చెప్పే మాటలు. పైగా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌ని బ్యాంకు తన పుస్తకం చూసుకుని రాస్తుంది, చదివేవాళ్లు తమ జేబు చూసుకుని చదువుతారు.

ఇంటర్‌లో సీఈసీ తీసుకున్న పిల్లలకి మొదటి నెలలోనే ఒక డౌట్ వస్తుంది. క్లాసులో సార్ బోర్డు మీద "వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్" అని రాస్తాడు, అదే రోజు సాయంత్రం ఇంట్లో నాన్న ఫోన్‌కి జీతం పడినట్టు మెసేజ్ వస్తే అందులో "క్రెడిట్ అయింది" అని ఉంటుంది. పైసలు వచ్చాయి కదా, మరి డెబిట్ అని ఉండాలి కదా అని అడిగితే చాలా చోట్ల దొరికే జవాబు "అది బ్యాంకు వాళ్ల వైపు నుంచి, నువ్వు రూల్ గుర్తుపెట్టుకో చాలు" అని. జవాబు తప్పేం కాదు, కాకపోతే సగమే. మిగతా సగం దొరకాలంటే ఈ రెండు మాటలు పుట్టిన చోటికి వెళ్లాలి.

## డెబిట్: వేరేవాళ్లది మన దగ్గర ఉండటం

లాటిన్‌లో "హబేరే" అంటే కలిగి ఉండటం. దాని ముందు "నుంచి" అనే అర్థమిచ్చే "డే" చేరితే "డేబేరే" అయింది. అంటే ఒకరి నుంచి తీసుకున్నది ఇంకా తన దగ్గరే పెట్టుకుని ఉండటం, తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే బాకీ ఉండటం. బాకీ పడ్డ మొత్తం "డెబిటుమ్", బాకీ ఉన్న మనిషి "డెబిటోర్". రోమన్ చట్టంలో అప్పుల గొడవలన్నీ ఈ మాటలతోనే నడిచేవి. చర్చికి వెళ్లేవాళ్లకి ఈ మాట ఇంకో దారిలో పరిచయమే, పరలోక ప్రార్థన తెలుగులో "ఋణములు" అని ఉన్న చోట లాటిన్‌లో ఉన్నది ఈ "డెబిటుమ్" బహువచనమే.

ఇంగ్లిష్‌లోకి ఈ మాట ఒక్కసారి కాదు, చాలాసార్లు, చాలా వేషాల్లో వచ్చింది. ఫ్రెంచ్ మీదుగా ముందు "డెట్" వచ్చింది, అప్పట్లో దాని స్పెల్లింగ్‌లో బీ అక్షరమే లేదు, తర్వాత కాలంలో పండితులు దీని మూలం లాటిన్ కదా అని గుర్తుచేయడానికి బీ తెచ్చి మధ్యలో ఇరికించారు. స్కూల్లో పిల్లలు పలకని ఆ అక్షరాన్ని రాయడం మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేది ఈ పండితుల పుణ్యమే. ఈఎంఐ "డ్యూ డేట్"లో ఉన్న డ్యూ, డ్యూటీకి వెళ్తున్నా అనేటప్పుడు వాడే డ్యూటీ కూడా ఇదే కుటుంబం, డ్యూటీ అంటే మొదట్లో చెల్లించాల్సింది, చేయాల్సింది అనే. అన్నిటికంటే తమాషా అయినది డిబెంచర్. పేపర్లలో బాండ్ల ప్రకటనల్లో కనిపించే ఈ మాట అచ్చంగా ఒక లాటిన్ క్రియ, "డేబెంటుర్", అంటే "బాకీ ఉన్నాయి" అని. పాతకాలపు బాకీ పత్రాలు ఆ మాటతోనే మొదలయ్యేవి, చివరికి మొదటి మాటే పత్రానికి పేరైపోయింది.

## క్రెడిట్: శ్రద్ధకి దూరపు చుట్టం

క్రెడిట్ కథ ఇంకాస్త దగ్గరిది. లాటిన్‌లో "క్రేడెరే" అంటే నమ్మడం, నమ్మి అప్పగించడం. "క్రేడో" అంటే "నేను నమ్ముతున్నాను", క్రైస్తవుల విశ్వాస ప్రమాణానికి ఆ పేరు అందుకే వచ్చింది. నమ్మి ఇచ్చిన సొమ్ము "క్రేడిటుమ్", ఇచ్చినవాడు "క్రేడిటోర్". అది ఇటాలియన్, ఫ్రెంచ్ మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌కి చేరింది.

ఇక్కడ తెలుగువాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటుంది. లాటిన్ "క్రేడెరే", సంస్కృతం "శ్రద్ధా" రెండూ ఒకే పాత ఇండో యూరోపియన్ మూలం నుంచి వచ్చాయని భాషా చరిత్రకారులు చెబుతారు. రెండు ముక్కల మాట అది, రెండో ముక్కకి "పెట్టడం" అని అర్థం, మొదటి ముక్క "హృదయం" అని చాలామంది చెప్పే వివరణ. అంటే ఒకదాని మీద మనసు పెట్టడం. సంస్కృతంలో నమ్మకం అనే అర్థం నిలబడింది, తెలుగుకి వచ్చేసరికి "శ్రద్ధగా చదువుకో" అనే శ్రద్ధ అయింది, రోమ్ వైపు వెళ్లిన ముక్క క్రెడిట్ కార్డు అయింది.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట నమ్మకం కాదు, అప్పు కూడా కాదు, పరపతి. "ఊళ్లో ఆయనకి పరపతి ఉంది" అంటే పేరు, పలుకుబడి. "ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం" అంటే అప్పులిచ్చే సంఘం. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేట్లు ప్రకటించిన రోజు పేపర్లలో హెడ్డింగ్ "పరపతి విధాన సమీక్ష". మంచి పేరుంటేనే అప్పు పుడుతుంది అనే లోకజ్ఞానం ఒకే మాటలో ఇలా రెండు భాషల్లో విడివిడిగా కుదిరింది, క్రెడిట్‌ని పరపతి అని తర్జుమా చేసినవాళ్లెవరో కానీ చాలా బాగా చేశారు.

## ఉద్దెర పుస్తకంలో ఒక పేజీ

ఇప్పుడు రూల్ సంగతి. చిక్కడపల్లిలోనో సీతాఫల్‌మండిలోనో ఒక కిరాణా కొట్టు అనుకుందాం, గల్లాపెట్టె పక్కన అట్ట చిరిగిన పొడుగు నోట్‌బుక్, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ, పైన పేరు. నెల మొదట్లో బియ్యం, నూనె, కందిపప్పు కలిపి 640 రూపాయల సామాన్లు తీసుకుని "నా పేరు మీద రాయి" అని వెళ్లిపోతారు. షాపాయన 640 రాస్తాడు. పదో తారీఖున వచ్చి 500 ఇస్తే అదే పేజీలో "జమ 500" అని రాస్తాడు, మిగిలింది 140.

ఈ పేజీని కాస్త ఆగి చూడాలి. 500 పోయింది కస్టమర్ జేబులోంచి, అయినా కస్టమర్ పేజీలో "జమ" అని పడింది. దాన్ని చూసి ఎవరూ "నా పైసలు పోతే జమ అంటావేంటి" అని షాపాయనతో కొట్లాడరు, ఎందుకంటే ఆ పుస్తకం ఆయనదని అందరికీ తెలుసు. "పేరు మీద రాయి" అన్నది డెబిట్, "జమ" అన్నది క్రెడిట్. బేగంబజార్‌లో మార్వాడీ వ్యాపారుల బహీ ఖాతాల్లో కూడా జమకి ఎదురుగా ఉండే మాట "నామే", పేరు మీద అనే.

ఇంకో అడుగు వేస్తే బ్యాంకు కనిపిస్తుంది. అదే కస్టమర్ 500 బదులు 1,000 ఇచ్చి "ఉంచుకో, తర్వాత సామాన్లు తీసుకుంటా" అన్నాడనుకుందాం. 640 పోను 360 ఎక్కువ. ఇప్పుడు బాకీ తిరగబడింది, షాపాయనే కస్టమర్‌కి 360 ఇవ్వాలి. తర్వాత రోజు 100 రూపాయల చక్కెర తీసుకుంటే పేరు మీద 100 రాసి 260 అంటాడు. సేవింగ్స్ ఖాతా అంటే అచ్చంగా ఇదే, ఎప్పుడూ అడ్వాన్స్‌లో ఉండే ఉద్దెర పేజీ. పైసలు వేస్తే జమ, తీస్తే పేరు మీద రాత. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ పక్కన "సీఆర్" (క్రెడిట్) అని ఉండేది ఈ 260 లాంటి మొత్తానికే, అంటే బ్యాంకు తనని నమ్మి ఇచ్చిన మనిషికి బాకీ అని ఒప్పుకుంటున్నట్టు. ఓవర్‌డ్రాఫ్ట్ వాడి ఉన్నదానికంటే ఎక్కువ తీస్తే పక్కన "డీఆర్" (డెబిట్) పడుతుంది.

ఇక క్లాసులో చెప్పిన "వచ్చేదానికి డెబిట్" ఏమైనట్టు? అది కూడా కరెక్టే, పైగా బ్యాంకు లోపలే కరెక్టు. కౌంటర్‌లో 10,000 క్యాష్ కడితే బ్యాంకు రెండు చోట్ల రాస్తుంది: తన నగదు ఖాతాకి 10,000 డెబిట్, కట్టిన మనిషి ఖాతాకి 10,000 క్రెడిట్. జంట పద్దు విధానం అంటే ఇదే, ఒక్క లావాదేవీకి రెండు కాళ్లు. మెసేజ్‌లో వచ్చేది రెండో కాలు మాత్రమే, మొదటి కాలు బ్యాంకు సిస్టమ్‌లోనే ఉండిపోతుంది, కస్టమర్‌కి ఎప్పుడూ కనపడదు. తికమకకి అసలు కారణం ఇది, సగం ఎంట్రీ చూసి మొత్తం రూల్‌తో పోల్చడం. అదే కస్టమర్ సొంతంగా లెక్కల పుస్తకం రాసుకుంటే అందులో బ్యాంకు ఖాతాకి 10,000 డెబిట్ అని రాయాలి, ఎందుకంటే ఇప్పుడు బ్యాంకు బాకీ. రెండు పుస్తకాలు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి. ఆ రెండిటినీ కూర్చోబెట్టి కలిపేదాన్నే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అంటారు, కామర్స్ వాళ్లకి అదొక పెద్ద చాప్టర్.

## రియాల్టోలో నోటిమాట, జెనోవాలో పుస్తకం

ఈ పద్ధతి ఇటలీ వ్యాపార నగరాల్లో పెరిగింది. జెనోవా నగర ప్రభుత్వం 1340లో రాసిన లెక్కల పుస్తకాలు జంట పద్దులో దొరికిన బాగా పాత వాటిల్లో ఒకటి. వెనిస్‌లో రియాల్టో వంతెన దగ్గర బ్యాంకర్లు బల్లలు వేసుకుని కూర్చునేవాళ్లు. ఇటాలియన్‌లో "బాంకా" అంటే బల్ల, బ్యాంకు పేరు అక్కడిదే, అది లాటిన్ కాదు, జర్మానిక్ భాషల నుంచి ఇటలీకి చేరిన మాట. ఒక వ్యాపారి ఇంకొకరికి చెల్లించాలంటే బల్ల దగ్గరికి వచ్చి నోటిమాటగా చెబితే బ్యాంకరు పుస్తకంలో ఒకరి ఖాతాలో తగ్గించి ఇంకొకరి ఖాతాలో పెంచేవాడు, నాణేలు కదలాల్సిన పనే లేదు. ఇప్పుడు కోఠీలో ఇడ్లీ బండి దగ్గర స్కాన్ చేసి 40 రూపాయలు కొడితే జరిగేది కూడా పుస్తకాల్లో రాతలే, స్పీడ్ మాత్రమే మారింది.

1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి గణితం మీద వేసిన పెద్ద పుస్తకంలో ఈ పద్ధతిని ఒక భాగంగా వివరంగా అచ్చువేశాడు. ఆయన కనిపెట్టాడని కొందరు రాస్తుంటారు కానీ అప్పటికే వ్యాపారులు వాడుతున్నదాన్ని అచ్చులో పెట్టాడు అంతే. అప్పటి ఇటాలియన్ పుస్తకాల్లో ఎడమవైపు "ఇవ్వాలి", కుడివైపు "పుచ్చుకోవాలి" అనే అర్థం వచ్చే మాటలు ఉండేవి. ఆ వాసన యూరప్ భాషల్లో ఇంకా పోలేదు. ఇటాలియన్‌లో ఇప్పటికీ ఒక కాలమ్ "దారే", ఇంకోటి "అవేరే", అంటే ఇవ్వడం, కలిగి ఉండటం. స్పానిష్‌లో "దేబే", "అబేర్", బాకీ ఉన్నాడు, కలిగి ఉండటం. జర్మన్‌లో "జోల్", "హాబెన్". అక్కడి పిల్లలకి కాలమ్ పేరే సగం పాఠం చెప్పేస్తుంది. ఇంగ్లిష్ మాత్రం తన మాటలు వదిలేసి లాటిన్ మాటల్ని అలాగే ఉంచుకుంది, ఇంగ్లిష్ వాళ్లకే అర్థం కాని ఆ మాటలు తర్వాత ఇంగ్లిష్ మీదుగా ఇక్కడికి వచ్చాయి.

డెబిట్ స్పెల్లింగ్‌లో ఆర్ అక్షరమే లేదు కదా, "డీఆర్" అని ఎందుకు రాస్తారు అనేది ఇంకో పాత ప్రశ్న. పాత ఇంగ్లిష్ లెక్కల పుస్తకాల్లో ఎడమవైపు "డెటర్" అని, కుడివైపు "క్రెడిటర్" అని మనుషుల పేర్లతో హెడ్డింగ్ పెట్టేవాళ్లు, వాటి పొట్టి రూపాలే ఇవి అన్నది ఎక్కువమంది ఒప్పుకునే జవాబు. డాక్టర్‌కి దీనికి సంబంధం లేదు.

## కుర్చీ ఎవరికి బాకీ?

లాటిన్ అర్థం అన్ని చోట్లా పనిచేస్తుందా అంటే చేయదు, ఇక్కడ నిజాయితీగా ఉండాలి. ఖాతాలన్నీ మనుషుల పేర్ల మీద ఉన్నంత కాలం "బాకీ ఉన్నాడు", "నమ్మి ఇచ్చాడు" అనేవి చక్కగా సరిపోయాయి. తర్వాత నగదుకి ఒక ఖాతా, సరుక్కి ఒక ఖాతా, అద్దెకి ఒక ఖాతా తెరిచారు. షాపుకి కుర్చీలు కొంటే ఫర్నిచర్ ఖాతాకి డెబిట్. కుర్చీ ఎవరికి బాకీ? కరెంట్ ఛార్జీల ఖాతాకి డెబిట్ అంటే కరెంట్ బిల్లు ఎవరికైనా అప్పుందా? పాతకాలం గురువులు దీనికో చిట్కా వాడేవాళ్లు, ప్రతి ఖాతానీ ఒక గుమాస్తాలా ఊహించుకో, ఫర్నిచర్ గుమాస్తాకి కుర్చీ అప్పగించాం కాబట్టి ఆయన యజమానికి జవాబుదారీ అని. ఊహ బాగానే ఉంటుంది కానీ నష్టాల ఖాతా దగ్గరికి వచ్చేసరికి కుంటుతుంది. ఇప్పటి అకౌంటింగ్‌లో డెబిట్ అంటే ఎడమ, క్రెడిట్ అంటే కుడి, అంతకు మించి అర్థం వెతకొద్దు అంటారు. అందుకే క్లాసులో మూడు రూల్స్ బట్టీ పట్టించాల్సి వస్తుంది: వ్యక్తిగత ఖాతాలకి "పుచ్చుకునేవాడికి డెబిట్, ఇచ్చేవాడికి క్రెడిట్", ఆస్తులకి ఒకటి, ఖర్చులు ఆదాయాలకి ఇంకోటి. మూడిట్లో లాటిన్ వాసన ఉన్నది మొదటిదానికే, బ్యాంకు మెసేజ్‌కి వర్తించేది కూడా సరిగ్గా అదే.

## జమ, ఖర్చు ఏం చెబుతాయి

తెలుగు లెక్కల మాటల్లో చాలావరకు అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూ మీదుగా వచ్చినవే, నిజాం కాలపు దఫ్తర్లు నడిచిన హైదరాబాద్‌లో అవి ఇంకా బలంగా ఉన్నాయి. "జమ" అంటే అరబ్బీలో పోగుచేయడం, జమాబందీలో ఉన్నదీ అదే. "ఖర్చు" అంటే బయటికి పోవడం. "బాకీ" అంటే మిగిలింది. "వసూలు" అంటే చేరడం. వరసగా చూస్తే ఇవన్నీ సొమ్ము కదలికని కళ్లకి కట్టే మాటలు, పోగవడం, పోవడం, మిగలడం, చేరడం. లాటిన్ మాటలు అలా కాదు, వాటికి సొమ్ముతో పనిలేదు, మనుషుల మధ్య బంధంతో పని. వడ్డీ దారి ఇంకా వేరు, అది సంస్కృత "వృద్ధి" ప్రాకృతం మీదుగా అరిగి వచ్చింది, పెరుగుదల అని.

ఈ తేడా వల్ల తర్జుమాలో ఒక ఇబ్బంది వస్తుంది. తెలుగు మీడియం పుస్తకాల్లో క్రెడిట్‌కి జమ, డెబిట్‌కి ఖర్చు అని వాడారు. జమ దగ్గర పేచీ లేదు. కానీ ఒక ఖాతాలోంచి తన సొంత ఇంకో ఖాతాకే 2,000 పంపుకుంటే మొదటి ఖాతా డెబిట్ అవుతుంది, దాన్ని ఖర్చు అంటే వినేవాళ్లు ఒప్పుకోరు, ఎక్కడ ఖర్చు పెట్టాను అంటారు. అందుకే వాడుకలో జనం "కట్ అయ్యాయి", "పడ్డాయి" అని తమ సొంత జంట ఒకటి తయారుచేసుకున్నారు. జీతం పడింది, ఈఎంఐ కట్ అయింది. పద్దు శాస్త్రానికి అందదు కానీ పని జరుగుతుంది.

## కార్డు దగ్గర, లోన్ దగ్గర

డెబిట్ కార్డు గీస్తే ఖాతా అప్పటికప్పుడు డెబిట్ అవుతుంది, బ్యాంకు బాకీ అంతమేర తగ్గుతుంది. క్రెడిట్ కార్డులో నమ్మకం దిక్కు మారుతుంది, అక్కడ నమ్మి ఇచ్చేది బ్యాంకు, బాకీ పడేది కార్డు ఉన్న మనిషి. అంటే పేరులో క్రెడిట్ ఉన్న కార్డు ఖాతాలో మామూలుగా ఉండేది డెబిట్ బ్యాలెన్స్. బిల్లు కడితే ఆ మొత్తం పక్కన "సీఆర్" అని వస్తుంది, దాన్ని చూసి ఇంకా కట్టాలేమో అని రెండోసారి కట్టేవాళ్లు ఉంటారు. హోమ్‌లోన్ స్టేట్‌మెంట్ కూడా ఇదే తీరు, ప్రతి నెలా వడ్డీ డెబిట్, ఈఎంఐ క్రెడిట్. ఉద్దెర పేజీని గుర్తుచేసుకుంటే ఇవేవీ కొత్తగా అనిపించవు.

## దీనివల్ల తేడా ఏంటి

ఇది మాటల ముచ్చట మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. 1949 నాటి బ్యాంకింగ్ చట్టం ప్రకారం బ్యాంకులు వేసే ఆస్తి అప్పుల పట్టీలో డిపాజిట్లు వచ్చేది మూడో షెడ్యూల్‌లో, అప్పుల వైపు. జనానికి ఇచ్చిన లోన్లు తొమ్మిదో షెడ్యూల్‌లో, ఆస్తుల వైపు. "బ్యాంకులో నా పైసలు ఉన్నాయి" అని అందరూ అంటారు కానీ పుస్తకం ప్రకారం లాకర్‌లో బంగారం ఉన్నట్టు అవి అక్కడ ఉండవు, బ్యాంకు తిరిగి ఇవ్వాల్సిన బాకీగా ఉంటాయి. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో కొన్ని సహకార అర్బన్ బ్యాంకులు మూతపడినప్పుడు షట్టర్ ముందు నిలబడ్డ డిపాజిటర్లకి క్రేడిటోర్ అనే మాట అసలు అర్థం తెలిసొచ్చింది, నమ్మి ఇచ్చినవాడు అని. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉన్నది ఆ నమ్మకానికి కాపలాగానే, 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో డిపాజిటర్‌కి ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది, అంతకుముందు అది 1 లక్షే.

రెండోది మోసాలు. "మీ ఖాతాలో పొరపాటున 5,000 క్రెడిట్ అయ్యాయి, తిరిగి పంపండి" అని బ్యాంకు మెసేజ్‌లా కనిపించే నకిలీ మెసేజ్ పంపడం, "పైసలు రావాలంటే పిన్ కొట్టండి" అని చెప్పడం, ఇవి రెండూ నడిచేది ఏది వచ్చిందో ఏది పోయిందో తేల్చుకోలేని ఆ కొద్ది క్షణాల మీదే. యూపీఐలో సొమ్ము అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివి తప్పిస్తే పిన్ అడిగిందంటే ఖాతా డెబిట్ కాబోతున్నట్టే. పైసలు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ 1930.

మెసేజ్‌లు తెలుగులో పంపితే సరిపోతుందా అంటే, కొంతవరకే. డెబిట్‌ని తెలుగు లిపిలో రాసినంత మాత్రాన లాటిన్ తెలుగు కాదు. ఈ విషయంలో బ్యాంకుల కంటే కిరాణా కొట్టు కౌంటర్ మీద పెట్టే చిన్న స్పీకర్ డబ్బా నయం. కస్టమర్ 140 రూపాయలు స్కాన్ చేసి కొడతాడు, కస్టమర్ ఫోన్‌లో "డెబిట్" అని మెసేజ్, షాపాయన ఫోన్‌లో "క్రెడిట్" అని మెసేజ్, ఈలోపు డబ్బా "నూట నలభై రూపాయలు వచ్చాయి" అని గట్టిగా చెప్పేస్తుంది. షాపాయన ఫోన్ తీయకుండానే నోట్‌బుక్ తెరిచి ఆ ఇంటి పేజీలో "జమ 140" అని రాసి, కింద గీత కొడతాడు.